కొలత అడగని ప్రమేయములు

ధాన్యము కొలిచి పోసేవానికి రెండు సంగతులు తెలియవలెను. పోయవలసిన ధాన్యమెంత అన్నది ఒకటి. గాదెలో ఎంత పడుతుందన్నది రెండవది. రెండవ సంగతి తెలియక పోసినా, గాదె నిండగానే గింజలు నేలమీద పడతాయి, చూచినవాడు చాలు చాలునంటాడు. కంప్యూటరులో ఆ సౌకర్యము లేదు. అక్కడ పొర్లినది నేలమీద పడదు. ప్రక్క గాదెలోనికి పోయి, అందులో ఉన్నదానిని తుడిచివేసి, దాని స్థానములో కూర్చుంటుంది. పైనుండి చూచేవానికి ఏమీ కనబడదు. అటువంటి చోట పాత్ర కొలత అడగని పనిముట్టును ఒకదానిని తయారుచేసి, ప్రమాణ గ్రంథములో చేర్చి, 22 సంవత్సరములపాటు అందులోనే ఉంచినారంటే నమ్ముట కష్టము. కాని జరిగినది అదే. దాని పేరు గెట్స్.

గెట్స్ అనేది సి భాషకు చెందిన ప్రమేయము. ఈ భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ 1969, 1973 సంవత్సరముల మధ్య రూపొందించినాడు. యూనిక్స్ వ్యవస్థను అందులో తిరగ వ్రాసినారు. నేటి ఆండ్రాయిడ్ ఫోనులోనూ, అసంఖ్యాకమైన సర్వర్లలోనూ అడుగున ఉండే లినక్స్ కూడ ప్రధానముగా సి భాషలోనే ఉన్నది. భాషతోపాటు ఎన్నో ప్రమేయములు సిద్ధముగా దొరుకుతాయి. ఆ సముదాయమునకు ప్రమాణ గ్రంథాలయమని పేరు. గణితములో ప్రమేయమునకు ఒక విలువ ఇస్తే మరొక విలువ వచ్చినట్లే, ఇక్కడను పిలిచేవాడు కొన్ని విలువలు అందిస్తాడు, ప్రమేయము ఒక పని చేసిపెడుతుంది. ఏమేమి అందించవలెను, ఏమి చేసిపెడుతుంది, పని చెడితే ఆ సంగతి ఎట్లు తెలుపుతుంది అనే ఈ ఒప్పందమునే ఇంటర్‌ఫేస్ అంటారు. ప్రమేయము లోపల ఎంత నేర్పుగా వ్రాసినను, ఒప్పందములో లోపముంటే ఆ నేర్పు అక్కరకు రాదు. సి గ్రంథాలయములో అక్షరములతో పనిచేసే ప్రమేయములకు పట్టిన దోషము ఇదే.

కంప్యూటరు మెమరీని వరుస సంఖ్యలు వేసిన గడులుగా ఊహించుకొనవచ్చును. ఒక్కొక్క గడిలో 0 నుండి 255 వరకు ఏదో ఒక సంఖ్య ఇముడుతుంది; ఈ గడికే బైట్ అని పేరు. అక్షరమునకు ఒక సంఖ్యను కేటాయించి, మాటను వరుస గడులలో పెడతారు. మాట ఎక్కడ ముగిసినదో తెలుపుటకు సి భాష చివరి గడిలో సున్న పెడుతుంది. ఇంగ్లీషు అక్షరమునకు ఒక గడి చాలును. తెలుగునకు చాలదు. నేడు అంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకూ మూడు గడులు కావలెను. గుణింతపు గుర్తును కూడ వేరుగానే లెక్కిస్తారు. “తెలుగు” అనే మాటలో కంటికి కనబడేవి మూడు అక్షరములే. కాని అందులో మూడు హల్లులు, ఒక ఎత్వము, రెండు కొమ్ములు, వెరసి ఆరు గుర్తులున్నవి. ఆరును మూడుతో గుణిస్తే 18. చివరి సున్నతో 19 గడులు. మూడక్షరముల మాటే గదా, పది గడులు ధారాళముగా సరిపోతాయనుకొన్న విద్యార్థి అప్పటికే తొమ్మిది గడులు వెనుకబడినాడు.

ఇక గెట్స్ చేసే పని: కీబోర్డు నుండి గాని మరొక కంప్యూటరు నుండి గాని వచ్చే ఒక పంక్తిని చదివి, చెప్పిన చోట పెట్టుట. దానికి అందించవలసినది ఒకే ఒక్క విలువ, మొదటి గడి సంఖ్య. అక్కడినుండి ఎన్ని గడులు ఖాళీగా ఉన్నవో అది అడగదు. చెప్పదలచినవానికి చెప్పే వీలు కూడ లేదు. పంక్తి ముగిసేవరకు పోస్తూనే ఉంటుంది. పంక్తి ఎంత పొడవుంటుందో నిర్ణయించేది ప్రోగ్రాము వ్రాసినవాడు కాడు, దానిని పంపేవాడు. కావున ఎంతటి జాగ్రత్తపరుడైనను వంద గడులు కాదు, వేయి గడులు కేటాయించినను, వేయిన్నొక్క అక్షరములు పంపేవాని ముందు నిస్సహాయుడే. కత్తి తెగుతుందని ఎవరూ కత్తిని నిందించరు. పిడి వేయకుండా అమ్మినవానిని నిందించవచ్చును. సరిగా వాడే మార్గము ఉండి, తప్పుగా వాడుటకు కూడ వీలున్న పనిముట్లు లోకములో చాలా ఉన్నవి. బయటినుండి వచ్చే పంక్తిని చదువుటలో గెట్స్‌ను సరిగా వాడే మార్గమే లేదు.

పొర్లుటవలన కలిగే చెరుపు ఎట్టిదో తెలియవలెనంటే మరొక సంగతి ఎరుగవలెను. ఒక ప్రమేయమును పిలిచినపుడు, పని ముగిసిన తరువాత ఎక్కడికి తిరిగి రావలెనో ఆ గడి సంఖ్యను కంప్యూటరు మెమరీలోనే వ్రాసి పెట్టుకొంటుంది. చదువుతున్న పుస్తకమును మధ్యలో మూసిన పిల్లవాడు పుటలో నెమలికన్ను పెట్టుకొన్నట్లు. తాత్కాలికముగా కేటాయించే గడులు కూడ సాధారణముగా ఆ సంఖ్యకు చేరువనే ఉంటాయి. గడులు నిండి పొర్లిన అక్షరములు ఆ సంఖ్యమీద పడితే, కంప్యూటరు తాను బయలుదేరిన చోటికి గాక మరెక్కడికో పోతుంది. పొర్లించినవాడు తెలివిగలవాడైతే, తాను పంపిన పంక్తిలోనే కొన్ని ఆదేశములను ఇమిడ్చి, నెమలికన్నును ఆ పుటలోనికి మారుస్తాడు. ఇక కంప్యూటరు అతని మాట వింటుంది.

1988 నవంబరు 2వ తేదీన జరిగినది ఇదే. కార్నెల్ విశ్వవిద్యాలయములోని పరిశోధక విద్యార్థి రాబర్ట్ మోరిస్ వ్రాసిన ఒక ప్రోగ్రాము, కంప్యూటరునుండి కంప్యూటరునకు తనంతట తాను ప్రాకుతూ, అప్పటి ఇంటర్నెట్‌లోని సుమారు 60,000 యంత్రములలో 6,000 యంత్రములను పట్టినదని ఆనాటి అంచనా. అది లోపలికి పోవుటకు వాడిన దారులు కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటి, ఇతరుల వివరములు అడిగితే చెప్పే ఫింగర్ అనే సేవ. ఆ సేవకు చెందిన ప్రోగ్రాము వచ్చిన ప్రశ్నను గెట్స్‌తో చదివేది. ప్రశ్నకు కేటాయించిన గడులు 512. పురుగు పంపిన పంక్తి పొడవు 536. అదనముగా వచ్చినవి 24 గడులు మాత్రమే. సవరణ కూడ చిన్నదే: గెట్స్‌కు బదులుగా, గ్రంథాలయములో అంతకుముందే ఉన్న ఎఫ్‌గెట్స్‌ను పెట్టినారు. ఎఫ్‌గెట్స్ గడుల సంఖ్యను అడిగి తెలుసుకొని, అంతకు మించి చదవదు.

ఇంత జరిగి ఒక సంవత్సరము దాటిన తరువాత, 1989 డిసెంబరులో, సి భాషకు మొదటి అమెరికా జాతీయ ప్రమాణము వెలువడినది. అందులో గెట్స్ ఉన్నది! చేతులు కాలిన తరువాతనైనా ఆకులు పట్టుకొనలేదు. 1999లో ప్రమాణమును సవరించినారు, అప్పుడును ఉంచినారు. దానితోపాటు ప్రచురించిన వివరణ పత్రములో ప్రమాణ సంఘము తన కారణములను చెప్పినది. బయటినుండి వచ్చేదానిపై ప్రోగ్రామరునకు అదుపు లేనపుడు గెట్స్ క్షేమము కాదని ఒప్పుకొన్నది. అదుపు ఉన్న ప్రత్యేక సందర్భములలో మాత్రము అది సౌకర్యముగా ఉంటుందనీ, చిరకాలముగా వాడుకలో ఉన్నదనీ, కావున ప్రమాణములో దానికి చోటు అవసరమనీ వాదించినది.

ఈ వాదము నిలిచేది కాదు. అదుపు ఉన్నప్పుడు ఎఫ్‌గెట్స్ వలన కలిగే కష్టమేమి? ఒక సంఖ్యను అదనముగా వ్రాయుట, పంక్తి చివర మిగిలే కొత్తపంక్తి గుర్తును తీసివేయుట. ఆ కొంచెము శ్రమ తప్పించుటకు, నేడు అదుపులో ఉన్న ప్రోగ్రాము రేపు అదుపులో లేని చోట పనిచేసేటప్పటి ప్రమాదమును నెత్తిన పెట్టుకొన్నారు. ఫింగర్ సేవను వ్రాసినవారు కూడ తమ పరిసరములు అదుపులో ఉన్నవనే అనుకొని ఉంటారు. వాడుకలో ఉన్నది కావున ఉండవలెననే మాటకు కొంత బలమున్నది; పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగిపోకూడదు. కాని వాడుకను గుర్తించుట వేరు, ప్రమాణ ముద్ర వేసి కొత్త తరమునకు అప్పగించుట వేరు. 2007లో ఒక దిద్దుబాటు పత్రము గెట్స్‌ను వదలదగినదిగా పేర్కొన్నది. 2011 డిసెంబరులో వెలువడిన ప్రమాణమునుండి అది పూర్తిగా తొలగినది. రిచీ అప్పటికి రెండు నెలల క్రిందటనే చనిపోయినాడు.

రిచీ పేరు వచ్చినది కావున ఆయన పక్షమును కూడ చెప్పుట న్యాయము. మాటకు ముందు దాని పొడవును వ్రాసి పెట్టే పద్ధతి బీసీపీఎల్ అనే పూర్వభాషలో ఉన్నది. పొడవును ఒకే గడిలో వ్రాస్తే మాట ఒక హద్దును దాటజాలదు. పైగా పొడవును ఎప్పటికప్పుడు సరిచూచుకొనుటకంటె చివర గుర్తు పెట్టుటే తమకు వీలుగా తోచినదని ఆయనే తరువాత వ్రాసినాడు. యూనిక్స్ తొలినాళ్ళలో వారి చేతిలో ఉన్న యంత్రమునకు 24 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉండేది. నేటి ఫోనులో ఒక చిన్న బొమ్మ కూడ అందులో పట్టదు. అటువంటి ఇరుకులో, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడుకొనుటకు చేసిన ఏర్పాటు అది. ఆనాటి నిర్ణయము తప్పు అనుటకంటె, ఆ నిర్ణయమును దాని పరిస్థితులు మారిపోయిన తరువాత కూడ మోసినవారిది తప్పు అనుట సమంజసము.

అయినను ఒక్క నిర్ణయమును మాత్రము విమర్శించక తప్పదు. సి భాషలో గడుల వరుసను ఒక ప్రమేయమునకు అందిస్తే, అందేది మొదటి గడి సంఖ్య మాత్రమే. వరుస పొడవు దారిలోనే రాలిపోతుంది. పిలిచేవానికి తెలుసు, పనిచేసేవానికి తెలియదు. గెట్స్ మొదలుకొని ఈ కుటుంబములోని ప్రమేయములన్నీ ఈ ఒక్క రంధ్రమును పూడ్చుటకో, మరచుటకో పుట్టినవే.

ఒక వరుసనుండి మరొక వరుసకు మాటను నకలు చేసే స్ట్ర్‌కాపీ కూడ కొలత అడగదు. దీనికి దిద్దుబాటు అని చాలామంది నమ్మిన ప్రమేయము స్ట్ర్‌ఎన్‌కాపీ. పేరు మధ్యలో ఒక ఎన్ చేరినది, ఒక సంఖ్యను కూడ అడుగుతుంది. ఇంకేమి, క్షేమమే అనుకొంటారు. నిజానికి దాని పుట్టుకకు క్షేమముతో సంబంధము లేదు. తొలి యూనిక్స్‌లో ఫైలు పేరుకు సరిగ్గా 14 గడులుండేవి. పేరు పొట్టిదైతే మిగిలినవన్నీ సున్నలు. పేరు 14 గడులకు సరిపోతే ముగింపు సున్న అక్కరలేదు, ఎందుకనగా హద్దు అందరికీ తెలిసినదే. ఆ స్థిరమైన పెట్టెలు నింపుటకు పుట్టినది స్ట్ర్‌ఎన్‌కాపీ. మామూలు మాటలకు దానిని వాడితే, పాత్ర నిండినపుడు చివర సున్న పెట్టకుండా ఊరుకొంటుంది. ఆ మాటను తరువాత చదివేవాడు సున్నకోసము వెదుకుతూ ప్రక్క గడులలోనికి పోతాడు.

“రాజమహేంద్రవరం” అనే మాటను తీసుకొనండి. అందులో గుర్తులు 13, గడులు 39. దీనిని 14 గడుల పాత్రలోనికి స్ట్ర్‌ఎన్‌కాపీతో పోస్తే “రాజమ” వరకు 12 గడులు; తరువాత హకారమునకు చెందిన మూడు గడులలో రెండు. అక్షరము మధ్యకు విరిగినది, ముగింపు సున్న లేదు, పని చెడినదన్న కబురు కూడ లేదు. గెట్స్‌ను చూచినవాడు భయపడి దూరముగా ఉంటాడు. స్ట్ర్‌ఎన్‌కాపీ స్నేహితుని వేషములో వస్తుంది; ఆ విధముగా ఇది గెట్స్‌కంటె కపటమైనది. ఒక ప్రమేయము పేరు చేయని వాగ్దానమును చేసినట్లు తోపజేయుట కూడ ఇంటర్‌ఫేస్ దోషమే.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ వ్యవస్థవారు స్ట్ర్‌ఎల్‌కాపీని తెచ్చినారు. అది పాత్ర కొలతను అడుగుతుంది, చివర సున్న తప్పక పెడుతుంది, మాట మొత్తమునకు ఎంత చోటు కావలసినదో తిరిగి చెబుతుంది. మంచి మెట్టు. కాని ఆ చివరి సంగతి చెప్పుటకు మూలమును చివరివరకు చదివి తీరవలెను. మూలములోనే సున్న లేకపోతే మరల పాత కథే. లినక్స్ కెర్నల్‌వారు 2015లో మరొక రూపమును తెచ్చుకొని, 2024లో స్ట్ర్‌ఎల్‌కాపీని తొలగించినారు. ఒక అతుకుమీద మరొక అతుకు.

కొలత అడిగినంతమాత్రమున చాలదనుటకు 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ సాక్ష్యము. ఇంటర్నెట్‌లో రహస్యముగా మాటలాడుటకు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గ్రంథాలయములో 2012నుండి దాగియున్న దోషమిది. అందులో ఒక కంప్యూటరు రెండవదానిని “మేలుకొనియున్నావా?” అని పలకరించే ఏర్పాటు ఉన్నది. పలకరించేవాడు ఒక మాటను, దాని పొడవును పంపుతాడు. రెండవవాడు ఆ మాటనే తిరిగి పంపవలెను. పంపినది నాలుగు అక్షరములై, పొడవు మాత్రము 64,000 అని వ్రాస్తే? ఓపెన్ఎస్ఎస్ఎల్ ఆ మాటను నమ్మి, నాలుగు అక్షరములను, వాటి ప్రక్కన మెమరీలో ఏది ఉంటే దానిని, అంతా కలిపి పంపివేసేది. అందులో సంకేతపదములు ఉండవచ్చును, రహస్య తాళములు ఉండవచ్చును.

అక్కడ నకలు చేసినది మెమ్‌కాపీ అనే ప్రమేయము. దాని ఒప్పందమును పరిశీలిస్తే విచిత్రము కనబడుతుంది. పాత్రలు రెండు, ఎక్కడినుండి, ఎక్కడికి. సంఖ్య మాత్రము ఒకటి. ఆ సంఖ్య దేని కొలత? పోసే పాత్రదా, తీసే పాత్రదా, తీయదలచిన మొత్తమా? మూడును ఒకటేనని మెమ్‌కాపీ అనుకొంటుంది. హార్ట్‌బ్లీడ్‌లో పోసే పాత్రను ఆ సంఖ్యకు తగినట్లే తయారుచేసినారు, అందుచేత అది పొర్లలేదు. తీసే పాత్రలో అంత సరుకు లేదు. గెట్స్ పాత్ర కొలత అడగలేదు. ఇక్కడ కొలత అడిగినారు గాని అపరిచితుని అడిగినారు. ఒప్పందములో రెండవ పాత్ర కొలతకు చోటే లేనందున, ఆ తప్పును పట్టుకొనే బాధ్యత అంతా వ్రాసినవాని జ్ఞాపకముమీద పడినది.

“జాగ్రత్తగా వ్రాస్తే ఏ బాధా లేదు” అనే సమాధానము ఈ రంగములో తరతరములుగా వినబడుతున్నది. దీనికి జవాబు సి భాష పుట్టుటకు ముందే ఉన్నది. ఇంగ్లండులో 1960 తరువాతి సంవత్సరములలో టోనీ హోర్ ఆల్గాల్ భాషను ఒక యంత్రమునకు అమర్చినపుడు, వరుసలోని గడిని తాకిన ప్రతిసారి హద్దు సరిచూచే ఏర్పాటు చేసినాడు. వేగము కోసము ఆ తనిఖీని ఆపుకొనే సదుపాయము కావలెనా అని తరువాత వాడుకరులను అడిగితే, వద్దని ఏకగ్రీవముగా చెప్పినారట. తప్పులు ఎంత తరచుగా జరుగుతాయో వారికి అనుభవమైనది. 1980లో ట్యూరింగ్ పురస్కార ప్రసంగములో ఆయన ఈ సంగతి చెప్పి, భాషలు చేసేవారు ఈ పాఠమును ఇంకా నేర్చుకొనలేదని విచారించినాడు. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తాను ఏటేటా సవరించే భద్రతా దోషములలో సుమారు 70 శాతము మెమరీకి సంబంధించినవేనని వెల్లడించినది. అక్కడ పనిచేసేవారందరూ అజాగ్రత్తపరులని ఎవరూ అనరు.

రెండవ మార్గమున్నది. గడుల వరుసను దాని పొడవుతో జంటగానే అందించుట. ఒకదానిని విడిచి మరొకటి ప్రయాణము చేయకుండుట. 2015లో తొలి స్థిరరూపము పొందిన రస్ట్ భాషలో ఈ జంటకు స్లైస్ అని పేరు. అక్కడ ఒక స్లైస్‌నుండి మరొకదానికి నకలు చేసే ప్రమేయము రెండింటి పొడవులను చూచుకొంటుంది. అవి సమానము కాకపోతే ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేస్తుంది. ఆగుట కూడ నష్టమే, కాని పొర్లిన సంగతి తెలుస్తుంది. తనిఖీలకు కొంత కాలము పడుతుంది. ఆ భాష నేర్చుట సులభము కాదు. తనిఖీ తప్పించుకొనే వాకిలి అందులోనూ ఉన్నది, అయితే దానిమీద పేరు వ్రాసియుంటుంది. ఫలితము మాత్రము కనబడుతున్నది. ఆండ్రాయిడ్‌లో కొత్త భాగములను రస్ట్ వంటి భాషలలో వ్రాయుట హెచ్చించిన తరువాత, 2019లో మొత్తము భద్రతా దోషములలో 76 శాతముగా ఉన్న మెమరీ దోషములు 2024 నాటికి 24 శాతమునకు తగ్గినవని గూగుల్ ప్రకటించినది. పాత సి భాగములను అన్నిటిని తిరగ వ్రాయలేదు. కొత్తవి పుట్టే చోట మార్చినారు.

తరగతి గదిలో సి నేర్పేవారికి గెట్స్ ఎందుకు ప్రియమైనదో ఊహించుట కష్టము కాదు. పేరు చదువుటకు పుస్తకములు మొదట చూపే ప్రమేయము స్కాన్ఎఫ్. దానికి మామూలుగా ఇచ్చే ఆదేశము ఖాళీ తగలగానే ఆగిపోతుంది. “కందుకూరి వీరేశలింగం” అని ఇస్తే “కందుకూరి”తో సరి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుండుటచేత మనిషి పేరే పోతుంది. గెట్స్ పంక్తినంతటిని చదువుతుంది, వ్రాయుటకు చిన్నది, మొదటిసారి చూచినవానికి అర్థమవుతుంది. స్కాన్ఎఫ్ కూడ హద్దు చెప్పనిదే అడగదు, కావున ఆ వైపునను క్షేమము లేదు. ఎఫ్‌గెట్స్ చెప్పవలెనంటే కొలత ఎందుకో, చివరి కొత్తపంక్తి గుర్తు ఎందుకు మిగిలినదో, మిగిలిన అక్షరములు తరువాతి పిలుపునకు ఎట్లు నిలిచియుంటాయో చెప్పవలెను. దానికి ఒక పీరియడు పడుతుంది. 1990 ప్రాంతపు టర్బో సి ఉన్న యంత్రముమీద గెట్స్ నేటికీ మాటలాడకుండా పనిచేస్తుంది. లినక్స్ యంత్రముమీద అదే ప్రోగ్రామును సిద్ధము చేయబోతే, ఈ ప్రమేయము ప్రమాదకరము, వాడవద్దు అని ఒక పంక్తి తెరమీదికి వస్తుంది.